రాలుకాయల వాటా

మా అత్తగారి కాయల గదికి తలుపు ఉండేది, కిటికీ లేదు. నూజివీడులో మామిడి వ్యాపారం చేసే ఇళ్ళల్లో అలాంటి గది ఒకటి ఉండటం మామూలే. నేల మీద వరిగడ్డి, గడ్డి మీద కాయ, కాయ మీద మళ్ళీ గడ్డి పరిచి తలుపు మూస్తారు. లోపలి వెచ్చదనానికి కాయ తన తీరున తను మగ్గుతుంది. మధ్యలో ఊరికే తలుపు తీస్తే ఆవిడ ఊరుకునేవారు కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో వాసనకు ఉండబట్టలేక ఒకసారి తీశాను. "అమ్మాయ్, నిండు చూలాలిని గంటకోసారి లేపి పురుడెప్పుడని అడుగుతామా?" అన్నారు. ఆ తరవాత నేను ఆ గడియ జోలికి పోలేదు.

మా మామగారు తోటలు పాటకు తీసుకునేవారు. పూత మీద ఒకసారి, పిందె మీద ఒకసారి తోటంతా తిరిగి చూసి, ఇంత అని రైతుతో ఖాయం చేసుకుంటారు. ఆ పైన గాలొచ్చినా, పురుగు పట్టినా నష్టం పాడుకున్నవాడిదే. విస్సన్నపేట వైపు తోటలు పెద్దవి. అవి ఒక్కరి వల్ల కావు గనక ఇద్దరు ముగ్గురు పొత్తు కలిసేవారు. ఒకరు డబ్బు పెడతారు, ఒకరు బళ్ళు పెడతారు, ఒకరు కాపలా మనుషుల్ని పెడతారు. కోత రోజున చెట్ల కింద కాయను కుప్పలు పోసి, ఎవరి కుప్ప వాళ్ళు తోలుకుపోతారు. కుప్పలు పోసినవాడు మాత్రం ఆఖర్న తీసుకోవాలి. ముందు ఏరుకునే వీలుంటే పంచే చెయ్యి తనవైపు మొగ్గుతుందని ఆ కట్టుబాటు. కాగితాలు రాసుకుని మరీ చెడిపోయిన పొత్తుల్ని చాలా చూశాను గానీ, కుప్పల దగ్గర పేచీ రావడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. రాలిన కాయ ఆడవాళ్ళది. గాలికి రాలినవి, కోసేటప్పుడు గెడకు కట్టిన వల చిక్కంలోంచి జారి నేలన పడ్డవి, బుట్టలు కట్టేటప్పుడు మచ్చ ఉందనో చిన్నదనో పక్కన పడేసినవి, అన్నీ ఇల్లాలి గదిలోకి చేరతాయి. ఆవిడ మగ్గబెట్టించి, అమ్మించి, ఆ డబ్బు తనే ఉంచుకుంటుంది. మగవాళ్ళు లెక్క అడగరు. మా అత్తగారి గాజులూ, నా పురిటి ఖర్చూ, మా ఇంటి వెనక బావికి కట్టిన చప్టా, అన్నీ ఆ రాలుకాయలోంచి వచ్చినవే. అయినా మా మామగారి దృష్టిలో వ్యాపారమంటే తోటా, బళ్ళూ, మైలవరం నుంచి వచ్చే బేరగాళ్ళూ. ఇంట్లో గదిలో జరిగేది వ్యాపారం కాదు, ఆడవాళ్ళ కాలక్షేపం. ఆయన చెడ్డవాడని కాదు, ఆ రోజుల్లో అందరూ అంతే. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

అరవైల మధ్యలో ఒక మాఘమాసం, తోటలన్నీ పూతలో ఉండగా, మద్రాసులో సినిమాలు తీసే కంపెనీ మేనేజరు ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఆయన వెనక ఎండకు కందిపోయిన మొహంతో ఒక దొర. దొర అంటే ఇంగ్లండువాడు కాదు, జర్మనీవాడు. మా ఊరివాళ్ళకు మనిషి తెల్లగా ఉంటే చాలు, దొరే.

"షావుకారుగారూ, వీళ్ళ దేశంలో టెలివిజన్ అని ఉందండీ. సినిమా ఇంట్లోకే వచ్చేస్తుందండీ" అన్నాడు మేనేజరు.

"ఇంట్లోకే వస్తే టిక్కెట్టు ఎవరు కొంటారయ్యా?" అన్నారు మామగారు.

మేనేజరు ఇంగ్లీషు అంతంతమాత్రం. అదీగాక, దళారి నోట బేరం వినకూడదన్నది మామగారి సిద్ధాంతం. అసలు మనిషితోనే మాట్లాడాలని నన్ను పిలిచారు. నేను గుంటూరులో ఇంటర్మీడియట్ చదివాను. కొట్టు నడుపుకునే ఇంట్లోకి ఇంగ్లీషు చదివిన కోడలెందుకని ముక్కు మీద వేలేసుకున్న చుట్టాలందరినీ ఆ పూట గుర్తు చేసుకుని, కొంగు సర్దుకుని గుమ్మం పక్కన నుంచున్నాను.

దొర చెప్పింది ఇదీ. ప్రపంచంలోని పళ్ళ మీద వరసగా కొన్ని భాగాలు తీస్తున్నారు, ఒక్కో దేశానిది ఒక్కో భాగం. అంత ఖర్చు ఒక్క దేశపు టెలివిజన్ స్టేషను భరించలేదు గనక రెండు మూడు దేశాలవి కలిశాయి. ఒకరు కెమెరా, ఫిల్ము పెడతారు. ఒకరు జీతాలూ, విమానం ఖర్చులూ పెడతారు. వెళ్ళిన చోట అక్కడి కంపెనీ ఒకటి లారీ, లైట్లు, బస, భోజనం పెట్టుకుని కలుస్తుంది. తయారయ్యాక ఎవరి దేశంలో చూపించుకునే హక్కు వాళ్ళది. మన దేశంలో చూపించే హక్కు మద్రాసు కంపెనీది. ఆ పెట్టెలు ఢిల్లీలో ఏవో కొన్ని తప్ప ఇంకెక్కడా లేవని నేను పేపర్లో చదివి ఉన్నాను. ఆ మాటే అడిగితే, "వస్తాయమ్మా, ముందు ముందు వస్తాయి" అన్నాడు మేనేజరు. పూతను చూసి పాట పాడే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు గనక ఆయన్ని ఏమీ అనలేకపోయాను.

మామగారు అంతా విని, "ఓస్, ఇంతేనా? ఇది మన తోట పొత్తే" అన్నారు.

మద్రాసు కంపెనీకి చేతిలో డబ్బు ఆడటం లేదు. అందుకని ఇక్కడ ఒకరిని కలుపుకుందామని వచ్చారు. మామగారు తోటా, బళ్ళూ, కోత మనుషులూ, భోజనాలూ చూసుకుంటే సినిమా చివర ఆయన పేరు వేస్తామన్నారు.

"పేరు నాకెందుకు? నా పేరు బుట్టల మీదే ఉంది. పొత్తన్నాక వాటా ఉండాలి. వాటా అంటే సరుకు. ఆ తీసిందాంట్లో నాకు నాలుగో వంతు సరుకు పంపాలి. చెప్పమ్మాయ్."

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. దొర నవ్వాడు. మామగారు నవ్వలేదు. భుజం మీది తుండుగుడ్డ తీసి, తన చెయ్యీ దొర చెయ్యీ దానికింద పెట్టి, నాలుగు వేళ్ళు పట్టి నొక్కారు. మా వైపు బేరాలు అలాగే తెగుతాయి. చుట్టూ ఎంతమంది నుంచున్నా, ధర ఆ ఇద్దరి వేళ్ళకే తెలుస్తుంది. దొరకు అది ఎంత నచ్చిందంటే, గుడ్డ కింద మామగారి చెయ్యి మొత్తం పట్టుకుని ఊపేశాడు. అలా ఊపితే మావాళ్ళ లెక్కలో బేరం ఖాయమైనట్టే. అది కూడా నేను దొరకు చెప్పాను. "అలాగే, తప్పకుండా పంపుతాం" అన్నాడు. వాటా అంటే లాభం కదా, రీలు ముక్క ఏం చేసుకుంటారని ఎవరికీ అనుమానం రాలేదు. మామగారికి తెలిసిన పొత్తులో లాభం వేరు, సరుకు వేరు కాదు. కుప్ప చేతికొస్తే దాన్ని ఎలా అమ్ముకోవాలో ఆయనకు తెలుసు.

పోయేముందు దొర ఇల్లంతా చూస్తానని బయల్దేరి, కాయల గది గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అప్పటికి అందులో కొత్త గడ్డి తప్ప ఏమీ లేదు. ఇక్కడ కూడా తీస్తామన్నాడు. మామగారు దానికేముంది తీసుకోమన్నారు.

వాళ్ళు వెళ్ళాక అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచారు.

"ఆయన తోటిచ్చాడు, బళ్ళిచ్చాడు. నాలుగో వంతు అడిగాడు. బానే ఉంది. గదిలో కాయెవరిది?"

"మీదే."

"మరి నన్నడక్కుండానే ఇచ్చేశాడే. నా వాటా ఏంటి?"

ఏం కావాలో చెప్పండి, మామగారితో నేను మాట్లాడతానన్నాను. ఆవిడ పొయ్యి మీద ఎసరు చూసి, మూత పెట్టి, అప్పుడు అన్నారు.

"నాకేం అక్కర్లేదమ్మాయ్. తీసింది నాకు చూపించాలి. పెళ్ళైన దగ్గర్నించీ ఆ చీకట్లో చేత్తో తడుముకుంటున్నాను. అవతల నుంచుని చూస్తే నా పని ఎట్టా ఉంటదో ఒక్కసారి చూడాలని ఉంది."

ఆవిడ ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదలు. దొరకు ఆ మాట కూడా ఇంగ్లీషులో రాసి పంపాను. సరేనని జవాబు వచ్చింది.

ఎండలు ముదిరాక వాళ్ళు లారీతో, జనరేటరుతో దిగారు. బస ట్రావెలర్స్ బంగళాలో, భోజనం మా ఇంటి నుంచి. రెండో పూటకే దొరలు గుడ్లు కావాలన్నారు. మా ఇంట్లో గుడ్డు మాటెత్తితే గిన్నెలు కడుక్కోవాలి. పొత్తులో భోజనం నాది గానీ గుడ్లు నావి కావని మామగారు ఖరాఖండిగా చెప్పేశారు. బంగళా కాపలాదారు చేత ఉడికించి, ఆ ఖర్చు మద్రాసువారి వాటాలో వేశారు. అంతర్జాతీయ ఒప్పందమంటే ఏమిటో నాకు ఆ గుడ్ల దగ్గర బోధపడింది.

తోటలో ఇంకో గొడవ. చెట్టు మీద పండిన పండు కావాలన్నాడు దొర. పండేదాకా చెట్టున ఉంచితే కోతులకూ, చిలకలకూ తప్ప మాకు మిగలదు. ముదురు కాయ కోసి ఇంట్లో మగ్గబెట్టడమే మా పని. మేనేజరు సినిమా మనిషి గదా, బజారు నుంచి పండ్లు తెప్పించి కొమ్మలకు నల్ల దారంతో కట్టించాడు. కోత కూలీలు పడీ పడీ నవ్వారు. దొర దగ్గరికెళ్ళి చూసి, మొహం ముడుచుకుని, అన్నీ విప్పించేశాడు. అతని మీద నాకు గౌరవం కలిగింది అక్కడే. అందుకే తరవాత అంత కోపం కూడా వచ్చింది.

గదిలో తీసిన రోజు నేను అక్కడే ఉన్నాను. ప్రతి ఏడూ మా అత్తగారితో కలిసి కాయ తిప్పే ఆడకూలీలు నలుగురూ ఉన్నారు. పట్టుచీర కట్టుకోమని మేనేజరు అత్తగారికి చెప్పించాడు. "పట్టుచీరతో గడ్డిలో కూర్చుంటే కాయ నవ్వుద్ది" అని ఆవిడ రోజూ కట్టే నేతచీరతోనే లోపలికి వెళ్ళారు. గది చిన్నది. రెండు దీపాలు పెడితే కెమెరా పట్టదు, ఒకటి పెడితే మనుషుల మొహాలు కనపడవు. చివరికి ఒక్కటే పెట్టారు. దాని వేడికే నిలబడలేకపోయాం. గడ్డి తీయమంటారు, తీశాక మళ్ళీ కప్పమంటారు, మళ్ళీ తీయమంటారు. ఆడవాళ్ళు చెమటలు కారుతూ తీశారు, కప్పారు. అత్తగారు మాత్రం ప్రతిసారీ కాయను మొదటిసారి ముట్టుకున్నట్టే మెత్తగా ముట్టుకున్నారు.

అంతా అయ్యాక కెమెరా మనిషికి ఒక ఊహ వచ్చింది. తను కెమెరాతో గడ్డిలో కూర్చుంటాడట, దీపం ఆర్పేసి బయటి నుంచి తలుపు మూయాలట. కాయకు ఎలా కనపడుతుందో అలా తీస్తాడట. ఆ మాట చెబితే అత్తగారు అతని వంక కొత్తగా చూశారు. అందరినీ బయటికి పంపి, తనే తలుపు పట్టుకుని నెమ్మదిగా, రోజూ వేసినట్టే వేశారు.

మర్నాడు ఆ గదిలో కాయ చూస్తే సగం ఉడికింది, సగం వడిలింది. పళ్ళరసం చేయడానికి కూడా పనికిరాక పశువులకు వేశాం. ఆ ఏటి రాలుకాయలో మంచి భాగమంతా అదే. మేనేజరును అడిగి వసూలు చేస్తానని మామగారు లేచారు. "వద్దులెండి. నా వాటా ఉందిగా, చూస్తాను" అన్నారు అత్తగారు.

వాళ్ళు వెళ్ళిపోయారు. మాఘం వచ్చింది, పూత వచ్చింది, మళ్ళీ కాయ వచ్చింది. ఆ ఎండాకాలం మేనేజరు వేరే సినిమా పని మీద బెజవాడ వచ్చి మా ఊరికీ వచ్చాడు. సినిమా అక్కడి దేశాల్లో చూపించారట, జనం బాగా మెచ్చుకున్నారట. తోట వచ్చింది, బళ్ళు వచ్చాయి, షావుకారుగారి తుండుగుడ్డ కూడా వచ్చిందట.

"గది?" అన్నాను.

"అది చీకటిగా ఉందని వేయలేదమ్మా."

లోపలికి వెళ్ళి అత్తగారికి చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక ఒక్క ముక్కలో చెప్పేశాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతున్నారు. "వేయకపోతే వేయకపోయారు. వాటా వాటాయే. పంపమను" అన్నారు. నేను దొరకు ఇంగ్లీషులో రాశాను. ఈసారి కాస్త గట్టిగానే రాశాను.

చాలాకాలానికి, మళ్ళీ కాయల రోజుల్లో పార్సిలు వచ్చింది. గుండ్రటి రేకు డబ్బా. మామగారు దాన్ని కొట్లో అందరికీ కనపడేట్టు పెట్టి, సినిమా హాలు యజమానితో మాట్లాడి, ఉదయం ఆటకు ముందు వేయించడానికి ఒప్పించారు. ఇంటిల్లిపాదీ వెళ్ళాం. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. ఆవిడ సినిమాకు రావడం అరుదు. వెనక బెంచీల మీద ఆ నలుగురు కూలీ ఆడవాళ్ళు. వాళ్ళను పిలిపించింది ఆవిడే.

ఎంతసేపటికీ తెర మీద ఏమీ పడలేదు. ఆపరేటరు డబ్బా పట్టుకుని కిందికి దిగి వచ్చాడు.

"ఇది మా మిషనుకి ఎక్కదండీ. దీని వెడల్పు మా రీలులో సగం కూడా లేదండీ." ఒక కొస తీసి బల్బుకేసి పెట్టి చూశాడు. "అయినా ఇది ఆడించిన బొమ్మ కాదండీ. కోసి పక్కన పడేసిన ముక్కలు. చూడండి, అడుగడుక్కీ అతుకే. అన్నీ చీకటి ముక్కలే."

అందరం నడిచి ఇంటికి వచ్చాం. కూలీ ఆడవాళ్ళు కూడా ఎందుకో మా వెనకే వచ్చారు. మామగారు డబ్బాను నడవలో బల్ల మీద పడేసి కుర్చీలో కూర్చున్నారు. ఆయన మొహం చూడటానికి నాకు భయం వేసింది. అంతమందిలో తలకొట్టేసినట్టయింది ఆయనకు.

"కుప్ప పోసినవాడే ముందు ఏరుకున్నాడు. ఏం పొత్తు అది? మంచి కాయంతా వాళ్ళు పట్టుకుపోయి, రాలినవి ఏరి నా మొహాన కొట్టారు. రాయమ్మాయ్, ఆ దొరకు ఉత్తరం రాయి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి."

నేను అప్పటికే నాలుగు వాక్యాలు మనసులో కట్టుకున్నాను. అవి మామగారు చెప్పబోయేవాటికన్నా ఘాటైనవి. దారాలు విప్పించిన మనిషి ఇలా చేస్తాడా అన్నది నా కోపం. కాగితం కోసం లేస్తుంటే అత్తగారు వచ్చారు.

"ఏం పంపాడన్నారు?"

"రాలినవే. రాలినవీ, ఏరిపారేసినవీ. ఇంకేం పంపుతాడు?"

"అయితే అవి నావి. ఇటివ్వండి."

మామగారు తలెత్తి ఆవిడ వంక చూశారు. తన తరం కట్టుబాటు తనే ఎలా కాదంటారు? డబ్బా తీసి ఆవిడ చేతిలో పెట్టారు.

అత్తగారు పెరట్లో ఎండలోకి వెళ్ళి పీట వేసుకుని కూర్చున్నారు. రీలు కొస పట్టుకుని సూర్యుడికి ఎదురుగా పెట్టి, ఒక కన్ను మూసి చూడటం మొదలుపెట్టారు. నేనూ పక్కన వంగి చూశాను. వేలిగోరంత బొమ్మలు. అన్నీ నలుపే. ఆ నలుపులో అక్కడక్కడా గడ్డి పోచలు, కాయల గుండ్రాలు, ఒక వంగిన వీపు, ఒక చేతి గాజు మెరుపు.

"చీకటిగా ఉందని తీసేశారా?" అన్నారు రీలు జరుపుతూ. "కాయల గది చీకటిగా ఉండక ఎట్టా ఉంటది? ఇదే మన గది. బాగా తీశాడు."

మొత్తం చూశారు. ఎండ ఆవిడ మీదికి వచ్చింది, పీట జరుపుకోలేదు. చూడటం అయ్యాక నన్ను కత్తెర తెమ్మన్నారు. రీలును అతుకుల దగ్గర కత్తిరించి, చేటలో ఐదు చుట్టలుగా పెట్టి, ఆ నలుగురినీ రమ్మన్నారు.

"పంచింది నేను. ముందు మీరు తీసుకోండి."

వాళ్ళు ఒక్కో చుట్టా ఎండకు పెట్టి చూసుకుంటూ ఏరుకున్నారు. ఒకామె తన ముక్కుపుడక కనపడుతోందంది. ఇంకొకామె అది నీది కాదు నాదేనని వాదించింది. తీసుకున్నవి కొంగున కట్టుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు అందులో మొహాలున్న ముక్కలన్నీ పట్టుకుపోయారని నాకు తెలుస్తూనే ఉంది.

చేటలో మిగిలింది అన్నిటికన్నా చిన్నది. అత్తగారు ఎండకు పెట్టి చూసి నాకిచ్చారు. తలుపు వేస్తున్నప్పటి ముక్క. మొదట తెల్లగా వాకిలి. బొమ్మ బొమ్మకూ ఆ తెలుపు సన్నబడుతూ వచ్చి, దారంలా మిగిలి, అంతా నల్లబడింది. మనిషన్నవారు ఎక్కడా లేరు. నాకు దుఃఖం వచ్చింది. కోపం కూడా వచ్చింది. కాయ పోయింది, తెర మీద బొమ్మ పోయింది, ఉన్న కాస్తా పంచేశారు.

"ఇందులో మీరు లేరు అత్తయ్యా" అన్నాను.

"ఎందుకు లేను? ఆ తలుపేస్తున్నది ఎవరనుకున్నావు?"

ఆ ముక్క నా చేతిలోంచి తీసుకుని కొంగున ముడి వేసుకున్నారు. కాయ తిప్పే వేళయిందని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.